బానెట్ కింది సంగతి

ఆ ఆదివారం లెక్కల మాస్టారు వేసుకున్న పథకం చాలా చిన్నది. మామగారిని కారులో కూర్చోబెట్టుకోవాలి, నాలుగు వీధులు తిప్పాలి, పది నిమిషాల్లో తిరిగి ఇంటి ముందు దించేయాలి. ఆ రోజుతో మామగారికి డెబ్బై ఏళ్ళు నిండాయి. "ఒక్కసారి నా బండిలో తిప్పవోయ్" అని ఆయన వారం ముందే అడిగారు. ఈపాటి ముచ్చట తీర్చడానికి పథకమెందుకని మీరు అడగవచ్చు. బండి మామగారిదే. అందులో ఉన్న ఇంజిన్ మాత్రం ఒక బేకరీ వ్యానుది.

మామగారు చెవుల డాక్టరు. రెండు సీట్ల ఆ ఎర్ర స్పోర్ట్స్ కారును పెళ్ళికి ముందే కొన్నారు. ఎన్ని వేల చెవుల్లోకి తొంగిచూసినా తన చెవి లాంటి చెవి ఇంకొకటి కనపడలేదని ఆయన నమ్మకం. మూడు వీధుల అవతల నా కారు వస్తుంటే గుర్తుపడతాననేవారు. అయిదేళ్ళ క్రితం పదవీ విరమణ చేసినప్పుడు కారును అల్లుడికి ఇచ్చేస్తూ, అతని చెయ్యి పట్టుకుని బానెట్ మీద పెట్టించి ఒట్టు వేయించుకున్నారు. రంగు మార్చుకో, సీట్లు మార్చుకో, ఇంజిన్ జోలికి మాత్రం వెళ్ళకు, హారన్ జోలికీ వెళ్ళకు అన్నారు. హారన్ మూగబోయి చాలా ఏళ్ళయింది. అయినా అది కంపెనీ వాళ్ళు బిగించిన హారన్ కాబట్టి ముట్టుకోవడానికి వీల్లేదు. మాస్టారు అయిదేళ్ళుగా కిటికీలోంచి తల బయటపెట్టి "కాస్త తప్పుకోండి బాబూ" అని బతిమాలుకుంటూ బడికి వెళ్ళివస్తున్నాడు.

ఒట్టు నిలబెట్టుకోవాలనే చూశాడు పాపం. కానీ ఇంజిన్‌కు ఆ పట్టింపు లేకపోయింది. బడి గేటు ముందే మూడుసార్లు ప్రాణం వదిలింది. మూడోసారి ఎనిమిదో తరగతి మొత్తం వచ్చి కారును తోసింది. వాళ్ళు రాయాల్సిన పరీక్ష ప్రశ్నపత్రాలు సీటు వెనక సందులోనే ఉన్నాయని తెలిసుంటే ఏం జరిగేదో చెప్పలేం. ఆ సాయంత్రమే మాస్టారు షెడ్డుకు వెళ్ళాడు. షెడ్డు నడిపేది స్పానరక్క. తండ్రి దగ్గర పని నేర్చుకుని, తండ్రి పోయాక ఆయన స్పానర్లతోనే పని చేస్తున్న నలభై ఏళ్ళ మనిషి. ఆవిడ లోపలికి చూసి, దీన్నిక ప్రశాంతంగా పోనివ్వండి మాస్టారూ అంది. వెనకనుంచి లారీ గుద్దిన బేకరీ వ్యాను ఒకటి అదే షెడ్డులో పడి ఉంది. దాని ఇంజిన్ తీసి కారులో పెట్టింది. ఇంట్లో అతను సర్వీసింగు అని చెప్పాడు. భార్య కూడా నమ్మింది. ఈమధ్య మీరు బండి తీస్తుంటే వీధి నిద్రలేవట్లేదండీ అని సంతోషించింది కూడా.

ఇది రెండు నెలల నాటి మాట. ఈ రెండు నెలల్లో మాస్టారు ఆ కాపురానికి అలవాటు పడ్డాడు. ఇంజిన్ రెండు వేళ్ళు ఎత్తుగా ఉండటంతో బానెట్ కొండీ పడదు. తన ప్యాంటు బెల్టే దానికి కట్టి, రేసు కార్లకు ఇలాగే ఉంటుందని అందరికీ చెప్పాడు. గేరు కడ్డీ జరిగి పైకి రావడంతో రెండో గేరు వేసినప్పుడల్లా పక్కవాళ్ళ మోకాలికి తగులుతుంది. నలభైలో వెళ్తుంటే మీటరు డెబ్బై చూపిస్తుంది. వేడి చూపే ముల్లు ఏనాడూ లేవదు. ఇంజిన్ ఫ్యానుకు స్పానరక్క ఇళ్ళ తలుపుల పక్కన ఉండే గంట బొత్తాం బిగించింది. రద్దీలో దాన్ని నొక్కుతూ ఉండాలి, అదీ చాలకపోతే హీటరు వేసి ఇంజిన్ వేడిని తన కాళ్ళ మీదికి లాక్కోవాలి. ఎండాకాలంలో అతను బడికి ఉడికి వెళ్ళేవాడు. అన్నీ బాగానే ఉన్నాయి, చప్పుడు ఒక్కటే లేదు. పాత ఇంజిన్ గర్జించేది. కొత్తది పాలు తాగి పడుకున్న పిల్లిలా ఉంది.

పాత చప్పుడంటే మాస్టారికి నిజంగానే ప్రేమ. దాన్ని పీకే ముందురోజు ఇంటి ముందు నిలబెట్టి, పన్నెండు నిమిషాల చప్పుడు ఫోనులో ఎక్కించుకున్నాడు. అప్పుడప్పుడు ఒంటరిగా వింటూ కళ్ళు తుడుచుకునేవాడు. అదే ఇప్పుడు అక్కరకొచ్చింది. సీటు కింద స్పీకరు, జేబులో ఫోను. పది నిమిషాల షికారుకు పన్నెండు నిమిషాల గర్జన. లెక్క సరిపోయిందనుకున్నాడు.

సరిగ్గా బయల్దేరేటప్పుడు భార్య కారు దగ్గరికి వచ్చింది. అమ్మా తానూ టాక్సీలో ముందు వెళ్తామని, ఆయన్ను ఊరి చివరి మైదానం దాకా తీసుకురమ్మని, ఎందుకో మాత్రం అడగవద్దని చెప్పింది. మైదానం నలభై నిమిషాల దూరం. గర్జన అయిపోగానే మళ్ళీ మొదటినుంచి వచ్చేలా మాస్టారు ఫోనులో గబగబా నొక్కాడు. పక్క సీట్లో మామగారు అప్పటికే కళ్ళు మూసుకుని, "పోనీవోయ్, వినాలి" అంటున్నారు.

మొదటి పన్నెండు నిమిషాలు మామగారు పరవశించిపోయారు. కూడలి దగ్గర ఎర్ర దీపం పడి కారు ఆగినా ఇంజిన్ మాత్రం అరుస్తూ పరుగెత్తుతూనే ఉండటం ఆయన పట్టించుకోలేదు. పదమూడో నిమిషంలో, నిండు వేగంతో వెళ్తున్న కారు ఖర్ర్ ఖర్ర్ మని దగ్గి మళ్ళీ కొత్తగా స్టార్టయింది. ఆ వెంటనే మాస్టారి భార్య గొంతు సీటు కిందనుంచి, "ఏవండీ, కాఫీ చల్లారిపోతోంది!" అంది. ఆ రోజు గుమ్మంలోంచి అన్న మాట చప్పుడుతో పాటు ఎక్కిందన్న సంగతి మాస్టారికి అప్పుడు గుర్తొచ్చింది. మొదటిసారి వచ్చినప్పుడు పక్కన లారీ వెళ్తుండటంతో వినబడలేదు కాబోలు. అతను మామగారి వైపు ఓరగా చూశాడు. మూడు వీధుల అవతలి కారును గుర్తుపట్టే చెవి, సీటు కింది కూతురి గొంతు విననట్టే ఉంది. "బ్రహ్మాండంగా నడుస్తోంది. ఇంత బాగా నడిచేదాన్ని విప్పి చూడాల్సిన పనే లేదు" అన్నారాయన, హీటరు వేడికి చెమటలు తుడుచుకుంటూ.

ఇరవై అయిదో నిమిషంలో ఇంజిన్ మళ్ళీ దగ్గింది, కాఫీ మళ్ళీ చల్లారింది. మామగారు అటు తిరిగి చెట్లు చూడసాగారు. మైదానం ఇంకో మలుపు ఉందనగా గర్జన హఠాత్తుగా ఆగిపోయింది. కారు మాత్రం హాయిగా సాగిపోతోంది. ఫోను మోగింది, జేబులో తడుముకోబోయి మాస్టారు ఏదో నొక్కాడు. ఈసారి సీటు కిందనుంచి వచ్చింది భార్య అసలు గొంతు.

"నాన్న పక్కనే ఉంటారుగా, ఏం మాట్లాడకండి. పాత కార్ల ప్రదర్శనలో మన బండి పేరిచ్చాను. పుట్టినప్పటి ఇంజిన్ మారని కార్ల వరుసలో. బానెట్ తెరిచి నంబరు చూస్తారట. నాన్న బీరువాలోంచి పాత కాగితాలు తెచ్చేశాను. ఆయన మొహం చూడాలి అప్పుడు."

ఆయన మొహం అప్పుడే చూడదగ్గట్టు ఉంది. మామగారు తన మోకాలు నొప్పిగా ఉందని, ఇంటికి పోదామా అని అడిగారు. రెండో గేరు నలభై సార్లు తగిలిన మోకాలు కాబట్టి మాస్టారు వెంటనే నమ్మాడు. పెట్రోలు కూడా తక్కువగా ఉందని తనవంతు కలిపాడు. అవునవును, పెట్రోలు చూసుకోవాలి అని మామగారు అందుకున్నారు. అల్లుడూ మామా ఇంతగా ఒక మాట మీద ఉండటం పెళ్ళయ్యాక అదే మొదటిసారి. మాస్టారు కారు తిప్పబోయాడు. కానీ ముందూ వెనకా పాత కార్లే, అన్నీ మైదానంలోకే. హారన్ కొడదామంటే మోగదు. "కాస్త తప్పుకోండి బాబూ" అన్న అతని కేక ముప్ఫై కార్ల హోరులో కలిసిపోయింది. ట్రాఫిక్ కానిస్టేబులు ఎర్ర కారును చూసి ముచ్చటపడి, చెయ్యి ఊపి నేరుగా లోపలికి పంపించాడు.

లోపల భార్య కాగితాల సంచీతో ఎదురొచ్చింది, వెనక అత్తగారు నీళ్ళ సీసాతో. వాళ్ళ పక్కన మెడలో బ్యాడ్జీతో ఇంజిన్లు పరీక్షించే మనిషి నిలబడి ఉంది. స్పానరక్క. మాస్టారు కళ్ళతోనే ఆవిడను వేడుకున్నాడు. ఈలోపు మామగారు, నీ చెవి కాస్త ఎర్రగా కనపడుతోందమ్మా, చూడనీ అంటూ ఆవిణ్ణి పక్కకు తీసుకెళ్ళి ఏదో గుసగుసలాడారు. ఆయన వదలగానే అత్తగారు, దాహంగా ఉన్నట్టున్నావు అంటూ ఇంకో పక్కకు లాక్కెళ్ళింది. వీళ్ళిద్దరికీ ఈవిడతో పనేమిటో ఆలోచించేంత తీరిక మాస్టారికి లేదు. తన ఒట్టు, తన పరువు, మామగారి ముందు ఇన్నేళ్ళుగా నిలబెట్టుకున్న మంచితనం, అన్నీ ఆ బెల్టు చివర వేలాడుతున్నాయి.

బెల్టు భార్యే విప్పింది. బానెట్ లేచింది. ఇంజిన్ నెత్తిన బ్రెడ్డు బొమ్మ స్టిక్కరు నవ్వుతోంది.

మామగారు వంగి చూసి, "ఇది నాది కాదే" అన్నారు, నిజంగానే ఆశ్చర్యపోతూ.

మాస్టారు ఇక నీళ్ళు నమలలేదు. తలవంచుకుని అంతా చెప్పేశాడు. బేకరీ వ్యాను, గంట బొత్తాం, సీటు కింది స్పీకరు, అందులోని కాఫీ కేక, ఏదీ దాచలేదు. మామగారు నిటారుగా నిలబడ్డారు. ఆయన మొహంలోకి ఎక్కడలేని తేజస్సు వచ్చింది. "ఒట్టు వేశావు కదయ్యా. ప్రాణంలా చూసుకున్న ఇంజిన్. ఒక్క మాట అడగొద్దా నన్ను?" అని మొదలుపెట్టి, నమ్మకం గురించీ, మాట విలువ గురించీ అయిదు నిమిషాలు మాట్లాడారు. మాస్టారికి భూమిలోకి కూరుకుపోవాలనిపించింది. మామగారి కోపంలో ఏదో పెద్ద బరువు దిగిన హుషారు కూడా ఉంది, కానీ అది చూసే స్థితిలో అతను లేడు.

"పోనీ నాన్నా, ఏం మించిపోలేదు" అంది కూతురు. "పాతది షెడ్డులోనే ఉందటగా. తెప్పిద్దాం. దాని నంబరు చూపిస్తే చాలు."

మామగారి ఉపన్యాసం అక్కడికక్కడే ఆగింది. స్పానరక్క గొంతు సవరించుకుంది. "ఆ నంబరూ కలవదమ్మా."

"ఎందుకు కలవదు?"

"ఒకరి పని ఇంకొకరికి చెప్పకూడదు. మా నాన్న నేర్పిన షెడ్డు పద్ధతి. అందులోనూ ఇక్కడ ఎవరి సంగతని చెప్పమంటారు?"

మామగారు రుమాలుతో మెడ తుడుచుకున్నారు. తర్వాత కూతురి వైపు కాదు, భార్య వైపు తిరిగి చెప్పారు. ఇరవై ఒక్క ఏళ్ళ క్రితం ఇంజిన్ పాడైతే, ఆసుపత్రి వాళ్ళు పక్కన పడేసిన అంబులెన్సు ఇంజిన్ పెట్టించారట. "ఈ బండిలోనే కదా నిన్ను చూడటానికి వచ్చింది. ఆ ఇంజిన్ పోయిందంటే నువ్వు బాధపడతావని చెప్పలేకపోయాను" అన్నారు. మాస్టారు రెండు నెలలుగా కన్నీళ్ళు పెట్టుకుని వింటున్నది అంబులెన్సు చప్పుడన్నమాట. ఆరోజు బానెట్ మీద ఒట్టు వేయించింది అది ఎవరూ తెరవకుండా ఉండటానికేనన్నమాట.

"అయితే అసలుది ఏమైంది?" అని కూతురు పట్టు వదల్లేదు.

"వీళ్ళ నాన్న షెడ్డులోనే వదిలేశాను. నంబరు చూడలేదు గానీ, చూసి ఉంటే కలిసేది" అన్నారు మామగారు, కాస్త ధైర్యం తెచ్చుకుని.

స్పానరక్క ఆకాశం వైపు చూసింది. "అదీ కలవదు డాక్టరుగారూ."

అత్తగారు చిన్నగా దగ్గింది. "ముప్ఫై ఎనిమిదేళ్ళయింది" అంది. "మీరు పది రోజులు వైద్యుల సభలకు వెళ్ళారు గుర్తుందా. నేను రహస్యంగా డ్రైవింగు నేర్చుకున్నాను. మీరొచ్చే రోజు స్టేషనుకు నేనే బండి తెచ్చి ఆశ్చర్యపరుద్దామనుకున్నాను. నీళ్ళు పోయాలని ఎవరూ చెప్పలేదు, ఇంజిన్ పట్టేసింది. వీళ్ళ నాన్న కాళ్ళావేళ్ళా పడితే, గుద్దేసిన అలాంటి కారుదే ఇంకో ఇంజిన్ తెచ్చి పెట్టాడు. మీరు వచ్చి స్టార్టు చేసి, ఇంత కమ్మగా ఏ ఇంజినూ పలకదు అన్నారు."

మామగారు అప్రయత్నంగా తన చెవి పట్టుకుని చూసుకున్నారు.

"మరి నేను మార్చినప్పుడు నీకు తెలియలేదా?"

"మొదటి రోజే తెలిసింది. అంబులెన్సు వస్తోందనుకుని గుమ్మంలోకి పరుగెత్తుకొచ్చాను. అడిగితే నాది బయటపడుతుందని ఊరుకున్నాను. నన్నంటారుగానీ, సీటు కింద అమ్మాయి కాఫీ అని అరుస్తుంటే మీరు మాత్రం ఊరుకోలేదూ?"

డాక్టరుగారు అల్లుడి భుజం మీద చెయ్యి వేసి, "నువ్వే నయం. రెండు నెలలకే చెప్పేశావు" అన్నారు. కూతురు ముగ్గురి మొహాలూ వరుసగా చూసింది. మా ఇంట్లో మారకుండా ఉన్నది ఒక్కటైనా ఉందని సంబరపడ్డానే అని ఉక్రోషపడబోయి, బ్రెడ్డు బొమ్మ కంటపడగానే పొట్ట పట్టుకుని నవ్వింది. అత్తగారు చెయ్యి చాచి అల్లుడి దగ్గర తాళాలు తీసుకుంది. స్టేషనుకు ఎలాగూ రాలేకపోయాను, ఇంటికైనా తీసుకెళ్తాను అంటూ మొగుణ్ణి పక్క సీట్లో కూర్చోబెట్టుకుంది. రెండో గేరు ఆయన మోకాలికి తగిలింది. ఆయన మోకాలు కాస్త పక్కకు జరుపుకున్నారు.

మర్నాడు స్పానరక్క సంతకంతో ప్రదర్శన వాళ్ళ పత్రం వచ్చింది. పుట్టినప్పటినుంచి మారని భాగాలు అన్న చోట ఒకే ఒక్క మాట రాసి ఉంది: హారన్. పక్క గడిలో, పనితీరు అన్న చోట, అదీ లేదు అని ఉంది.