బాంబు బతికించిన మా ఊరు

ప్రాణాలు కాపాడే సాధనాల్లో అణుబాంబును మించింది ఇంతవరకు పుట్టలేదు.

నమ్మరా? పెన్సిలిన్ రోగం వచ్చినవాణ్ణే కాపాడుతుంది. లైఫ్ జాకెట్ నీళ్లలో పడ్డవాణ్ణే కాపాడుతుంది. బాంబు అలా కాదు. యుద్ధం ముగిసి యాభై నాలుగేళ్లయింది. మా అయోవాలో అది ఇప్పటికీ ఏటేటా కొత్తవాళ్లను కాపాడుతూనే ఉంది!

ఇది నేను గాలికి అంటున్న మాట కాదు, కళ్లారా చూశాను. మా ఊరు క్లోవర్ బెండ్, జనాభా తొమ్మిది వందల పన్నెండు. శనివారం పొద్దున్న ఏడింటికి మాజీ సైనికుల హాల్లో పాన్‌కేకులు వేస్తారు. కిటికీ పక్క బల్ల మాది. బాంబు పనిచేసేది ఆ బల్ల దగ్గరే.

మొదట్లో, అంటే నలభై ఆరులో, ఆ బల్ల దగ్గర బాంబు బతికించినవాడు ఒక్కడే. ఆర్డెన్ హల్వర్సన్. మొక్కజొన్న రైతు. యుద్ధంలో మెరీన్ సిపాయి, వయసు ఇరవై ఒకటి. వాడి దళం సైపాన్ దీవిలో కూర్చుని, జపాను ఒడ్డున దిగమని ఎప్పుడు చెబుతారా అని ఎదురుచూస్తోంది. దిగినవాళ్లలో తిరిగొచ్చేది కొందరేనని చెప్పి సార్జెంటు ముందుగానే అందరిచేతా ఇళ్లకు ఉత్తరాలు రాయించాడు. అంతలో బాంబు పడింది. యుద్ధం ఆగింది. ఉత్తరం జేబులోనే ఉండిపోయింది. ఆ కబురు విని ఇసకలో కూలబడి ఏడ్చానని ఆర్డెనే చెబుతాడు. ఇందులో నా వేళాకోళం ఏమీ లేదు.

యాభైల్లో మంగలి లైల్ బెంకే కూడా బతికాడు. యుద్ధం ముగిసేనాటికి వాడు కాలిఫోర్నియా రేవులో ఓడ ఎక్కే వరుసలో నిలబడ్డాడట. సరే, ఒప్పుకుందాం. అరవైల్లో ఆ వరుస ఓడ మెట్ల దాకా జరిగింది. డెబ్బైల్లో ఓడ కదిలింది. ఎనభైలు వచ్చేసరికి లైల్‌కు జపాను కొండలు కనిపిస్తున్నాయి. బాంబు పడకుండా ఇంకో వారం ఆగి ఉంటే వాడొక్కడే టోక్యో పట్టుకుని, అక్కడి వాళ్లందరికీ క్రాపులు కూడా కత్తిరించి వచ్చేవాడు.

బాంబు నన్నూ బతికించింది. నేను అప్పుడు కాన్సస్ శిబిరంలో బంగాళాదుంపలకు తొక్క తీస్తున్నాను. అరికాళ్లు చదునుగా ఉన్నాయని నన్ను ఎక్కడికీ పంపలేదు. అయితే మాత్రం? యుద్ధం సాగితే ఆ దుంపలు జపాను దాకా వెళ్లేవి కావా? దుంపల వెనకాల నన్ను పంపేవారు కారా? ఏటా మాజీ సైనికుల ఊరేగింపులో కారెక్కి చెయ్యి ఊపుతుంటే ఆ ప్రశ్న ఎవరూ అడగలేదు. నేనూ గుర్తు చేయలేదు.

ఇలా మా బల్ల దగ్గర బాంబు కాపాడిన ప్రాణాలు మొదట నలభై వేలు. తర్వాత రెండు లక్షలు. ఐదు లక్షలు. పది లక్షలు. ఒక శనివారం రెండో కప్పు కాఫీకీ మూడో కప్పుకీ మధ్య యాభై వేల మంది బతకడం నేను స్వయంగా చూశాను! ఏ ఆస్పత్రి చేయగలదండీ ఈ పని?

మరి అవతల పోయినవాళ్ల సంగతేమిటంటారా? ఆ మాట మా బల్ల దగ్గర ఎవరూ ఎత్తరు. ఎత్తని మాట పెరగదు. ఎత్తితే పాన్‌కేకు గొంతు దిగదు.

ఇంత మేలు చేసిన బాంబుకు యాభయ్యో ఏడాది వచ్చినప్పుడు ఊరు ఊరుకుంటుందా? మా మ్యూజియంలో ప్రదర్శన పెట్టాలనుకున్నాం. మ్యూజియం అంటే పాత దాణా కొట్టు. వెన్న చిలికే కవ్వాలు, గుర్రపు నాడాలు, గడ్డి కూరిన రెండు తలల దూడ ఉంటాయి. దానికో కమిటీ, కమిటీలో ఏడుగురం. అధ్యక్షురాలు మ్యారియన్ స్ట్రూబ్. నలభై ఏళ్లు బడి నడిపిన మనిషి. ఇప్పుడు కూడా ఆవిడ తల ఎత్తి చూస్తే డెబ్బై ఏళ్లవాళ్లం జేబుల్లోంచి చేతులు తీసేస్తాం.

ఉన్నది ఒక్క గాజు అలమర. అందులో పెట్టాలనుకున్నవి ఆర్డెన్ యూనిఫాం, లైల్ చెక్కతో చేసిన విమానం, పక్కన ఒక అట్టముక్క మీద నలభై మాటలు. నిలబడి ఎవడూ అంతకంటే చదవడని మ్యారియన్ నియమం. ఆ నలభై మాటల్లో ఒక మాట దగ్గర బండి ఆగిపోయింది. బాంబు కాపాడింది ఐదు లక్షల మందినా, పది లక్షల మందినా?

మూడు సమావేశాలు. నాలుగు కూజాల కాఫీ. రెండు పళ్లేల దాల్చినచెక్క రొట్టెలు. బాంబు వెయ్యాలా వద్దా అని వాషింగ్టన్‌లో పెద్దలు కూర్చున్నప్పుడు ఇంత వాదన జరిగిందో లేదో నాకు తెలియదు. రొట్టెలు మాత్రం ఇంత బాగుండి ఉండవు. ఆఖరికి లక్షలాది అని రాద్దామన్నాం. ఐదువాళ్లూ గెలిచారు, పదివాళ్లూ గెలిచారు.

సరిగ్గా అప్పుడు ఆర్డెన్ లోపలికి వచ్చాడు. ఒక చేతిలో హ్యాంగరుకు వేలాడుతున్న యూనిఫాం. రెండో చంకలో దాణా సంచిలో చుట్టిన ఏదో బరువు. సంచి విప్పి బల్ల మీద పెట్టాడు. ఇంటి కప్పు పెంకు. నల్లది, మందమైనది. ఒక వైపు నున్నగా ఉంది. రెండో వైపు నిండా బుడగలు, పెనం మీద అట్టు తిరగేసే ముందు లేస్తాయే, అలా లేచి అలాగే రాయిగా మారిపోయాయి.

యుద్ధం ఆగాక ఆరేడు వారాలకు ఆర్డెన్ దళాన్ని నాగసాకిలో దించారు. దారులు శుభ్రం చేయడం వాళ్ల పని. అక్కడ ఏరుకొచ్చిన పెంకు ఇది. యాభై ఏళ్లుగా వాళ్ల వంటింటి తలుపు మూసుకుపోకుండా అడ్డుగా ఉంటోంది. వాడి భార్య ఐడా తప్ప దాని గురించి ఎవరూ అడగలేదు. ఆవిడ కూడా ఒక్కసారే అడిగింది.

దీన్ని యూనిఫాం పక్కన పెట్టమన్నాడు ఆర్డెన్.

మ్యారియన్ కళ్లద్దాలు తుడుచుకుంది. "చూడు ఆర్డెన్, ఉన్నది ఒక్క అలమర. రెండో వైపు కూడా చూపించాలంటే రెండో అలమర కావాలి."

"చిన్న పెంకేగా మ్యారియన్. విమానాన్ని కాస్త అటు జరిపితే పడుతుంది."

లైల్‌కు కోపం వచ్చింది. "ఏరా, అయితే బాంబు వెయ్యడం తప్పంటావా? నువ్వే అనాలి ఆ మాట! అది పడకపోతే ఇవాళ ఇక్కడ ఉండేవాడివా?"

"తప్పని నేను అన్నానా?" అన్నాడు ఆర్డెన్. గొంతు పెంచలేదు. "నన్ను బతికించిందని రాస్తున్నారు. రాయండి, నిజమే. ఎవరి ఇంటి మీదుగా బతికించిందో, అది కూడా పక్కన పెట్టండి. అంతే."

దాల్చినచెక్క రొట్టె నా నోట్లోనే ఉండిపోయింది. ఆ బుడగల వైపు చూడకూడదనుకుంటూనే అందరం చూస్తున్నాం.

ఇలాంటప్పుడే నాయకత్వం అంటే ఏమిటో తెలిసేది. మ్యారియన్ చాలా మర్యాదగా, ఓటు వేసేలోపు ఆ పెంకును మళ్లీ సంచిలో చుట్టెయ్యమంది. వస్తువు కళ్లెదురుగా ఉంటే మనసు చెదురుతుంది, నిర్ణయం సవ్యంగా రాదట.

ఎంత గొప్ప సూత్రమండీ! పెద్ద నిర్ణయాలన్నీ ఇలాగే తీసుకోవాలి. ముందు సంచి ముడి వెయ్యాలి. తర్వాత చేతులెత్తాలి. ఆర్డెన్ చుట్టాడు. ఏడు చేతులు లేచాయి. పెంకు వద్దని ఏకగ్రీవ తీర్మానం. ప్రతిపాదించింది లైల్. బలపరిచింది ఎవరనుకుంటున్నారు? కాన్సస్ దుంపల వీరుణ్ణి, నేనే.

"యూనిఫాం మాత్రం మీ దగ్గరే ఉంచండి. ఇంట్లో చిమ్మటలు కొట్టేస్తున్నాయి" అని చెప్పి ఆర్డెన్ సంచి చంకన పెట్టుకుని వెళ్లిపోయాడు. ఆ తర్వాత రెండు శనివారాలు పాన్‌కేకులకు రాలేదు. కిటికీ పక్క వాడి కుర్చీ ఖాళీగా ఉంటే, మా బల్ల దగ్గర ఒక్కడంటే ఒక్కడు కూడా కొత్తగా బతకలేదు.

ప్రదర్శన తెరిచే రోజు వచ్చింది. ఆగస్టు నెల, నూట ఒక్క డిగ్రీ. మనిషికి ఆ వేడి వస్తే మంచమెక్కిస్తాం. దాణా కొట్టులో ఏసీ పొద్దున్నే చచ్చిపోయింది. తలుపు తెరిచి ఉంచుదామంటే దానికున్న స్ప్రింగు మా ఊరి పాస్టరు కంటే పట్టుదల గలది, తెరిచిన తలుపును తెరిచిన వెంటనే మూసేస్తుంది. లైల్ కుర్చీ అడ్డం పెడితే కుర్చీని నెట్టేసింది. రెండు తలల దూడను పెడదామని నేను సలహా ఇచ్చాను. మ్యారియన్ నావైపు తల ఎత్తి చూసింది. జేబుల్లోంచి చేతులు తీసేశాను.

బయట ఎండలో ఊరంతా నిలబడి ఉంది. బరువైనది ఏదైనా ఎవరి దగ్గరైనా ఉందా అని మ్యారియన్ కేకేసింది.

వరుస చివర్నుంచి ఆర్డెన్ తన పికప్ ట్రక్కు దగ్గరికి నడిచాడు. సీటు కింద నుంచి దాణా సంచి తీశాడు. పెంకును బుడగలు పైకి ఉండేలా తలుపు కింద పెట్టి కాలితో సర్దాడు. తలుపు ఒక్కసారి మూలిగి ఆగిపోయింది. యాభై ఏళ్ల అనుభవం ఉన్న పెంకు కదా మరి.

మ్యారియన్ నోరు తెరిచింది.

"తలుపు దగ్గర పెట్టేది ప్రదర్శన కిందికి రాదు కదా మ్యారియన్?" అన్నాడు ఆర్డెన్.

ఆవిడ ఎండలో ఉన్న జనాన్ని చూసింది. పెంకును చూసింది. ఈసారి చుట్టడానికి సంచి అందుబాటులో లేదు, దాని మీద ఆర్డెన్ నిలబడి ఉన్నాడు. "రాదు" అంది ఆవిడ, మెల్లగా.

లోపల అలమర ముందు ఎవరూ నిమిషం కూడా ఆగలేదు. ఉక్క. నలభై మాటలు నలభై మందైనా చదివారో లేదో. గాలి తగిలేది గుమ్మంలోనే కాబట్టి అందరూ అక్కడే నిలబడ్డారు. నిలబడ్డవాళ్లు కిందికి చూశారు. చూసినవాళ్లు వంగారు. మ్యూజియంలో ప్రతి వస్తువు మీదా ముట్టుకోరాదు అని మ్యారియన్ చేత్తో రాసిన చీటీ ఉంటుంది. తలుపు అడ్డుకు చీటీ ఎందుకు రాస్తుంది?

లైల్ కాలి బొటనవేలు దానికే కొట్టుకుంది. తిట్టుకుంటూ కింద కూర్చున్నాడు. ఒక బుడగ మీద వేలు పెట్టాడు. తీయలేదు.

"మట్టి ఉడికిందేంట్రా ఇలా?"

"ఉడికింది."

"ఎవరి ఇంటిది?"

"తెలీదు లైల్. అడుగుదామంటే ఇల్లు లేదుగా."

లైల్ చాలాసేపు లేవలేదు. మోకాళ్ల నొప్పేమోనని నేను చెయ్యి అందించాను. వాడికి నొప్పి మోకాళ్లలో లేదు.

తర్వాతి శనివారం ఆర్డెన్ తన కుర్చీలో కూర్చున్నాడు. ఎవరో లైల్‌ను ఓడ సంగతి చెప్పమన్నారు. లైల్ కాఫీ కలుపుతూ, తను అసలు ఓడే ఎక్కలేదని, కాలిఫోర్నియా రేవులో వరుసలో ఉన్నానని అన్నాడు. పాతికేళ్లపాటు సముద్రం మీద తిరిగిన ఓడ ఒక్క వారంలో వెనక్కి వచ్చేసింది! లోకంలో ఇంత వేగమైన ఓడ ఇంకొకటి ఉందా?

పాఠకులారా, నా బాధ మీకు ఇప్పటికైనా అర్థమైందా? ఇప్పటికీ ఆ పెంకుతోనే తెరుచుకుని ఉండే ఆ తలుపు మా ఊరికి పెద్ద నష్టం. దాని మూలంగా మా బల్ల దగ్గర ప్రాణాలు కాపాడే పని దాదాపు ఆగిపోయింది. స్ప్రింగు మార్చేస్తే ఆ పెంకు పీడ పోతుందని నాలుగేళ్లుగా కమిటీలో ఏటా తీర్మానం పెడుతున్నారు. ఏకగ్రీవంగా ఉంటే తప్ప ఏదీ చెల్లదని మ్యారియన్ నియమం. ఏటా ఆరు చేతులు లేస్తాయి.

ఏడోది నాది. ముసలి చెయ్యి కదండీ, ఆ మధ్య ఒకసారి మరీ తేలిగ్గా లేచింది. అప్పట్నుంచి పైకి రావడం లేదు.