మొదటి శ్రేణి వంటింటి గోడ

నున్నటి గోడ నాగరికతకే అవమానమని నగరపాలక సంస్థ ఏకగ్రీవంగా తీర్మానించింది. (తీర్మానం చేసిన హాలుకు ఆ పొద్దునే కొత్త రంగు వేశారు. సభ్యులు దేనికీ ఆనుకోకుండా నిలబడి చేతులెత్తారు.) ఆనాటి నుంచి పెచ్చులూడిన గోడైనా, తుప్పు పట్టిన గేటైనా, నాచు పట్టిన పిట్టగోడైనా కళాఖండమే. యజమాని తన ఇష్టమొచ్చినట్టు బాగుచేసుకోవడానికి వీల్లేదు. ఈ వ్యవహారం చూడటానికి శిథిల సౌందర్య పరిరక్షణ విభాగమొకటి పుట్టింది. పుట్టిన మూడో రోజుకే దానికి ఇద్దరు డైరెక్టర్లు, ఒక జీపు వచ్చి చేరారు.

అదే ఊళ్లో ఒక తాపీ మేస్త్రి ఉన్నాడు. ముప్పై ఏళ్లుగా ఊరందరి గోడలూ అద్దంలా తీర్చిన మనిషికి, పాపం, తన గోడ జోలికి వెళ్లడానికి మాత్రం తీరిక చిక్కలేదు. వంటింట్లో పొయ్యి వెనక గోడ పొట్ట ఉబ్బి ముందుకొచ్చింది. రోజుకో పెచ్చు కూరలో పడేది. పెచ్చులైతే ఏరి పారేయొచ్చు. వానలు మొదలైతే గోడే వచ్చి మీద పడుతుందని అతనికి బాగా తెలుసు. దాని కింద రోజుకు ఐదు గంటలు నిలబడేది అతని భార్య. ఆవిడ మొదట్లో నెమ్మదిగానే చెప్పి చూసింది, చివరికి విసిగిపోయి అనేసింది.

"ఊరందరికీ మేస్త్రివి. నాకు మాత్రం ఉత్త మొగుడివి."

ఆ మాట మేస్త్రికి ఎక్కడ తగలాలో అక్కడే తగిలింది. మర్నాడే వెళ్లి పూత వేసుకోవడానికి అనుమతి కోసం దరఖాస్తు పెట్టాడు. అందులో నాలుగో ప్రశ్న: ఈ గోడను చూసినప్పుడు మీలో కలిగే అనుభూతి ఏమిటి? మేస్త్రి బాగా ఆలోచించి "భయం" అని రాశాడు. దాని కింద ఎర్రగీత గీసి, పక్కన "ఉదాత్తం" అని రాసి ఫైలు పైకి పంపించారు.

వారం తిరక్కుండా పెచ్చుల పరిశీలనాధికారి జీపు దిగాడు. గోడ ముందు అరగంట నిలబడి కళ్లు తుడుచుకున్నాడు. (పొయ్యి మీద ఎండుమిరపకాయలు వేగుతున్నాయి, అది వేరే సంగతి.) మొదటి శ్రేణి అని అక్కడికక్కడే ప్రకటించేశాడు. ఇకపై గోడను తుడవకూడదు, ఊడిన పెచ్చును తేదీ వేసి అప్పగించాలి, మసి ఇప్పుడున్న వేగంతోనే పట్టాలి గనుక వంట తగ్గించకూడదు. పది నుంచి ఐదు దాకా సందర్శకులు వస్తారు. మేస్త్రి భార్యను "పరిసర అంశం" కింద నమోదు చేసి, చూసేవాళ్లు ఉన్నంతసేపూ విసుక్కోవద్దన్నారు.

"సార్, ఇది పడిపోతుంది. కింద మా ఆవిడ ఉంటుంది," అన్నాడు మేస్త్రి.

"అదే కదయ్యా దీని అందం," అన్నాడు అధికారి ప్రశాంతంగా.

జనం రానే వచ్చారు. పొయ్యి దగ్గర ఆవిడ అడ్డంగా ఉందని ఒకాయన, కూర వాసన ఏకాగ్రతను చెడగొడుతోందని ఇంకొకాయన సందర్శకుల పుస్తకంలో రాసి వెళ్లారు. ఈ ఇద్దరి ఇళ్లలోనూ గోడలకు పూత వేసింది మన మేస్త్రే. ఈలోగా మబ్బులు పట్టాయి. మేస్త్రికి అన్నం సహించడం మానేసింది.

అదృష్టం కొద్దీ విభాగానికి వరసగా నాలుగు రోజులు సెలవులొచ్చాయి. (వ్యవస్థాపక దినం, దాని మర్నాడు, ఆ రెంటి అలసటకు ఇంకో రెండు.) మేస్త్రి తలుపులు బిడాయించి, పాత గోడ మీది ప్రతి పగులునూ కాగితాల మీద దించుకున్నాడు. గోడ పడగొట్టి, ఇటుక మీద ఇటుక పేర్చి, ఇనుప చువ్వలు దించి, సిమెంటు ధారాళంగా కలిపి కొత్తది లేపాడు. ఇక దాని మీద పాత పగుళ్లన్నీ పొల్లుపోకుండా చెక్కాడు. చెమ్మ మరకలకు టీ డికాక్షన్, పైన పొయ్యి మసి. ముప్పై ఏళ్లు పగుళ్లు పూడ్చినవాడికి పగుళ్లు పెట్టడం ఏపాటి పని? భార్య రెండు చేతులూ ఆనించి శక్తికొద్దీ తోసి చూసింది. గోడ ఇసుమంతైనా కదల్లేదు. చాన్నాళ్లకు ఆవిడ మొహం విప్పారింది, ఆ పూట మేస్త్రి కడుపునిండా తిన్నాడు.

సెలవులు కాగానే అధికారి వచ్చాడు. గోడను చూసి, వాసన చూసి, వేలి కణుపుతో కొట్టి చూశాడు. దొరికిపోయాననుకున్నాడు మేస్త్రి. అధికారి మాత్రం పొంగిపోయాడు. ఎప్పట్నుంచో దీన్ని విభాగం మ్యూజియానికి తరలిద్దామనుకుంటున్నారట, దారిలో పొడైపోతుందన్న భయంతో ఆగారట. ఇప్పుడు గోడకు పరిపక్వత వచ్చిందట. మధ్యాహ్నానికల్లా మిషన్లు పెట్టి గోడను నిలువునా కోసి లారీ ఎక్కించారు. కోయడానికి మూడు బ్లేళ్లు అరిగిపోయాయి. అంత దుఃఖంలోనూ మేస్త్రికి ఆ సంగతి కాస్త గర్వంగానే ఉంది.

గోడ పోయినచోట కొత్తది కట్టుకోవడానికి మళ్లీ దరఖాస్తు పెట్టాడు. ఖాళీలు తమ పరిధిలోకి రావని, ఖాళీల విభాగం ఇంకా ఏర్పడలేదని జవాబొచ్చింది. ఏర్పడేదాకా టార్పాలిన్ కట్టుకోవచ్చట, కానీ కొత్తది కట్టకూడదట.

వానలు దిగాయి. మేస్త్రి భార్య ఒక చేత్తో గొడుగు, ఒక చేత్తో గరిటె పట్టుకుని వంట చేస్తుండగా జీపొచ్చి ఆగింది. అనుమతి వచ్చిందనుకుని మేస్త్రి ఆ వానలోనే ఎదురెళ్లాడు. అధికారి దిగలేదు. మ్యూజియం హాలు గోడ ఒకటి వెంట్రుకవాసి చిట్లిందని, తాపీ పట్టుకుని వెంటనే ఎక్కమని తొందరపెట్టాడు. దరఖాస్తు పెట్టారా సార్ అని మేస్త్రి అడిగాడు.

"దానికి దరఖాస్తేమిటయ్యా? పక్కనే మీ వంటింటి గోడ పెట్టాం. కాస్త చెమ్మ తగిలినా పాడైపోతుంది."