ఒక్క టేబుల్‌కు ఒక్క ఫ్యామిలీ

మేడ్చల్ హైవే మీది ‘సంతృప్తి బార్ అండ్ రెస్టారెంట్’ ఇకపై బార్ కాదని, కుటుంబ సంస్కార కేంద్రమని మా మండల పార్టీ అధ్యక్షులు శ్రీ గోపాలరావు గారు ప్రకటించారు. బోర్డు మీద ‘ఫ్యామిలీ’ అన్న మాట అప్పటికప్పుడు ఎర్ర రంగుతో రాయించారు. లోపల ఏదీ మారలేదు. మందు అదే, మటన్ అదే. కుటుంబం వెంట లేని మగవాడికి మాత్రం ప్రవేశం లేదు.

ఇంత గొప్ప ఆలోచన ఊరికే రాదు. బార్ ఎత్తేయాలని పొదుపు సంఘం ఆడవాళ్ళు గేటు ముందు టెంటు వేసుకుని కూర్చున్నారు. వాళ్ళ నాయకురాలు పెంటమ్మ చేతిలో చీపురు ఉంది. బార్ మూస్తే ఓనరుకు కోపం. ఓనరు గోపాలరావు గారి బామ్మర్ది. మూయకపోతే ఓటర్లకు కోపం. గోపాలరావు గారు ఇద్దరినీ ఒక్క మాటతో కాపాడారు.

“తాగుడు తప్పు గాదు పెంటమ్మా, ఒంటిగ తాగుడు తప్పు. ఇంటోళ్ళను పక్కన కూసుండవెట్టుకొని ఎవడన్న ఎక్కువ తాగుతడా?”

“ఎట్ల తాగుతడు?” అంది పెంటమ్మ.

“మరింకేంది?”

అందరూ చప్పట్లు కొట్టారు. నేనూ కొట్టాను. ఆ దెబ్బ నాకే తగులుతుందని శనివారం దాకా తెలియలేదు.

శనివారం సాయంత్రం నేను, కుర్మయ్య, ఏలియా సంతృప్తిలో కూర్చుంటాం. కుర్మయ్య నాతో ఫ్యాక్టరీలో పనిచేశాడు. ఏలియా చర్చి పెద్ద. సోడా తప్ప ముట్టడు, కానీ మా ఇద్దరి చికెన్ అతనే తింటాడు. నా భార్య పోయాక నాతో కూర్చుని తినేది ఆ ఇద్దరే. మిగతా రోజులు నేను పొయ్యి దగ్గర నిలబడి తింటాను.

గేటు దగ్గర వాచ్‌మన్ ముత్తయ్య ఆపాడు.

“ఫ్యామిలీ ఉన్నదా?”

“ఉండె,” అన్నాను.

“ఉండె అంటె నడువది సార్. తోల్కరావాలె.”

ముత్తయ్యను మెచ్చుకోవాలి. నా మొహం చూసి కూడా రూలు సడలించలేదు.

“మా ఆమెకు మోకాళ్ళు పట్టుకున్నయి, గడప దాటది,” అన్నాడు కుర్మయ్య.

“మీ ఇంటామె?” అని ముత్తయ్య ఏలియాను అడిగాడు.

“ఆమె వచ్చిందంటె నన్ను గూడ రానియ్యది.”

ముగ్గురం పాన్ డబ్బా పక్కన నిలబడ్డాం. అంతలో సుమో ఆగింది. రాజకీయ పరిస్థితి చర్చించడానికి గోపాలరావు గారు, కార్యకర్తలు దిగారు.

“ఫ్యామిలీ సార్?” అన్నాడు ముత్తయ్య.

“అరేయ్, ఎవలను అడుగుతున్నవ్‌రా?” అని కార్యకర్త ఒకడు మీదికి పోయాడు.

“అడగనియ్యి. రూల్ మనదే గద,” అన్నారు గోపాలరావు గారు. ఆయన భార్య మనోరమ గారు ఇల్లు దాటరు. దాటకూడదని ఆయనకు గట్టి నమ్మకం. అందుకని సుమో వెనక సీటులోంచి పెంటమ్మ దిగింది. ఈసారి చీపురు లేదు. “మహిళా లోకమంతా నా కుటుంబమే,” అని ఆయన వెంట వచ్చిన విలేకరులకు చెప్పి, వాళ్ళనూ లోపలికి పిలిచారు. మర్నాడు పేపర్లో ఫొటో పడింది. ‘కుటుంబంతో భోజనం చేస్తున్న గోపాలరావు’. ఫొటోలో పెంటమ్మ లెగ్ పీస్ కొరుకుతోంది.

దాంతో ఫ్యామిలీకి గిరాకీ పెరిగింది. సంఘంలోని ఆడవాళ్ళందరూ చీకటి పడేసరికి ఉతికిన చీరలు కట్టుకుని వచ్చి టేబుల్‌కు ఒకరు చొప్పున కూర్చున్నారు. మగవాళ్ళు ప్లాట్ల సంగతి మాట్లాడుకుంటుంటే వాళ్ళు గోడ వైపు చూస్తూ బిర్యానీ తిన్నారు. మిగిలింది పిల్లలకు కవర్లో కట్టించుకున్నారు. ధర్నా టెంటును పార్కింగ్‌లో కార్ల మీదికి మార్చారు. ఎక్సైజు ఆఫీసరు తనిఖీకి ఒంటరిగా వచ్చాడు. ఆయనకూ ఒక ఫ్యామిలీని ఇచ్చారు. వాతావరణం ఆరోగ్యకరంగా ఉందని మెచ్చుకుని, సోంపు నములుతూ వెళ్ళాడు. మా ముగ్గురికి మాత్రం ఎవరూ మిగల్లేదు.

ఒకరోజు పెంటమ్మ భర్త అంజయ్య దోస్తులతో వచ్చాడు.

“నా పెండ్లామే లోపట ఉన్నది. జరుగు.”

“ఉన్నది. గోపాలరావు సార్ టేబుల్ మీద ఉన్నది,” అన్నాడు ముత్తయ్య. “ఒక్క ఫ్యామిలీ రెండు టేబుళ్ళకు నడువది.”

“అయితే ఇంకోల్లతోని కూసుంట.”

ఇది చిన్న ప్రశ్న కాదు. గోపాలరావు గారు చెయ్యి కడుక్కుని బయటికి వచ్చి, విలేకరుల ముందే తీర్పు చెప్పారు. “సొంత ఫ్యామిలీ ఏ టేబుల్ మీద ఉంటె మొగోడు ఆ టేబుల్ మీదనే ఉండాలె. ఆడ జాగ లేకుంటె బయట ఉండాలె. ఇంకోల్లతోని కూసునుడు మన సంస్కృతి గాదు.”

అంజయ్య బయట ఉన్నాడు. అతని వెనక మిగతా భర్తలూ చేరారు. మాకు పాన్ డబ్బా దగ్గర చోటు ఇరుకైంది.

మూడో శనివారం ఒక ఆటో ఆగింది. మనోరమ గారు దిగారు. చేతిలో పేపరు ఉంది.

“అమ్మా, మీరా?” అన్నాడు ముత్తయ్య.

“పేపర్ల నేను ఏడున్ననో సూద్దామని వచ్చిన.”

“సార్ టేబుల్‌కు ఫ్యామిలీ ఉన్నదమ్మా.”

“నేను ఒక్కదాన్నే కూసుంట.”

“ఒక్క ఆడమనిషి ఫ్యామిలీ గాదమ్మా.”

ఆమె చుట్టూ చూసింది. మా ముగ్గురి మీద చూపు ఆగింది.

“మీరు లోపటికి పోతరా?”

“పోదమనే నిలవడ్డం తల్లీ, ఎప్పటిసందో,” అన్నాడు కుర్మయ్య.

“నడువుండ్రి.”

పోయాం. మా పాత టేబుల్ ఖాళీగానే ఉంది. నాలుగు కుర్చీలది.

“ఏం తెమ్మంటరమ్మా?” అని ఏలియా అడిగాడు.

“మా ఆయన దినాం తినేది తెమ్మను.”

అపోలో ఫిష్ వచ్చింది. ఆమె ఒక ముక్క నోట్లో పెట్టుకుని ఆగిపోయింది. “ఇంట్ల కూరల ఉప్పెక్కువైందని పళ్ళెం నూకి లేస్తడు. గీ ముక్కల సముద్రమే ఉన్నది.” అంటూనే ఇంకో ముక్క తీసుకుంది.

అప్పటికే ముత్తయ్య గోపాలరావు గారి పక్కన నిలబడి ఉన్నాడు. “సార్, మీ ఫ్యామిలీ ఆ టేబుల్ మీద ఉన్నది. మీరు ఈడ కూసోరాదు.”

పక్క టేబుల్ మీద విలేకరులు చికెన్ ఆపి చూశారు. గోపాలరావు గారు నవ్వుతూ లేచి మా దగ్గరికి వచ్చారు.

“జెర జరుగుండ్రి అన్నా.”

“నలుగురి టేబుల్ సార్,” అన్నాను.

ఆయన భార్య వైపు చూశారు. ఆమె ఇంకో ముక్క తుంచుతోంది. ఆయన తన తీర్పుకు తానే తలవంచి బయటికి నడిచారు. ఇంతటి నాయకుణ్ణి నేను మళ్ళీ చూడలేదు. అంజయ్య పక్కకు జరిగి చోటిచ్చాడు.

తలుపు అద్దంలోంచి చూస్తే ఆయన చెయ్యి ఎత్తి ఏదో చెబుతున్నారు. భర్తలు చప్పట్లు కొడుతున్నారు.

“ఏమంటుండు?” అంది ఆమె.

“మనకు ఇనవడ్తలేదమ్మా, మీరు తినుండ్రి,” అన్నాడు ఏలియా.

అంతలో తలుపు తెరుచుకుంది. మగవాడి స్వేచ్ఛకు పార్టీ కట్టుబడి ఉందని, ఫ్యామిలీ నిబంధన ఈ క్షణం నుంచి రద్దని గోపాలరావు గారు ప్రకటిస్తూనే లోపలికి వచ్చారు. వెనకే భర్తలందరూ తోసుకుని వచ్చారు. టేబుళ్ళు చాలలేదు. వెయిటర్లు ఆడవాళ్ళను లేపారు.

“నా రొట్టె ఇంక రానేలేదు,” అంది పెంటమ్మ.

“ఇంటికాడ తిను పో,” అన్నాడు అంజయ్య, ఆమె కుర్చీలో కూర్చుంటూ.

ముత్తయ్య మా దగ్గరికి వచ్చాడు.

“అమ్మా, ఇగ ఫ్యామిలీ అవసరం లేదు.”

మనోరమ గారి పళ్ళెంలో సగం అలాగే ఉంది. ఆమె మా వైపు చూసింది. కుర్మయ్య గ్లాసులోకి చూశాడు. ఏలియా కళ్ళు మూసుకున్నాడు, ప్రార్థన కావచ్చు. నేను మెనూ కార్డు తీశాను.

ఆమె చెయ్యి కొంగుకు తుడుచుకుని వెళ్ళిపోయింది.

మా శనివారం మాకు తిరిగి వచ్చింది. కాసేపటికి అంజయ్య తన దోస్తు కోసం వచ్చి నాలుగో కుర్చీ మీద చెయ్యి వేశాడు.

“అన్నా, దీంట్ల ఎవలన్న ఉన్నరా?”

“లేరు,” అన్నాను. తీసుకుపోయాడు.