జాబితాకు చిక్కిన జాబ్

"లింకు తెగింది!" అని కొత్త గుమాస్తా అరిచాడు.

"సింకా? ప్లంబర్‌ని పిలవనా తమ్ముడూ?" అంది పక్క బల్ల టైపిస్టు.

"లింకక్కా, లింకు!"

అతని నుదుటి మీద కారే చెమటకు మాత్రం సింకే కావాలి.

ఆ పొద్దుటి పని నిజానికి చిన్నది. హెడ్డాఫీసు నుంచి పెద్ద అధికారి వస్తున్నారు. సభలో ఎవరేం చేయాలో తెలిపే షీటు అందరికీ పంపితే చాలు, సాయంత్రానికి మేనేజరు అతని ఉద్యోగం పర్మనెంటు చేస్తారు. షీటులోకి పేర్లు మేనేజరు ఫైలు నుంచి వచ్చి పడాలి. ఆ ఫైలేమో తాళం వేసిన ఫోల్డరులో ఉంది. అప్‌డేట్ నొక్కగానే కంప్యూటరు అనుమతి లేదంది; పైగా ఫైలెక్కడుందో నువ్వే చూపించమంది. కంగారులో అతని కంటికి 'జాబితా' అన్న పేరు కనబడింది. నొక్కేశాడు. గడులు నిండాయి. గడియైనా ఆగకుండా, చదవకుండా, అందరికీ పంపేశాడు.

అది ఇల్లు మారడం కోసం భార్య రాయించిన సామాన్ల జాబితా.

ముందుగా క్యాషియరు కుంటుకుంటూ వచ్చాడు. "స్వాగతం: కాలు విరిగిన కుర్చీ! నా మోకాలి సంగతి నీకెవడు చెప్పాడ్రా?"

"అయ్యో, అది మీరు కాదు బాబాయ్..."

"పూలగుత్తి ఇచ్చే నేను తుప్పు పట్టిన ఇస్త్రీపెట్టెనట!" అంటూ టైపిస్టు లేచి నిలబడింది. "అక్కా అక్కా అంటూనే ఎంత మాటన్నావు!"

మేనేజరు గది తలుపు భళ్ళున తెరుచుకుంది. "ప్రసంగం: గరగరలాడే మిక్సీ! ఇక్కడ ప్రసంగించేది నేనొక్కణ్ణే కదయ్యా!"

ఆ గొంతూ మిక్సీలాగే గరగరలాడింది.

"నీ ఉద్యోగం ఈ పూటతో సరి. కంప్యూటరు ముట్టుకోకు, నేనే సరిచేస్తా!"

జాబితా పంపి జాబ్ పోగొట్టుకున్న గుమాస్తా కీబోర్డు మీద నుంచి చేతులు తీసేశాడు. మేనేజరు తన కంప్యూటరులో అప్‌డేట్ నొక్కారు. ఈ ఫైలు తెరవడానికి మీకు అనుమతి లేదు, అంది అది.

"నాకా? అనుమతి లేదా? నాకా?"

గుమాస్తా అందరూ వింటుండగా చెప్పాడు. "సార్, ఆ గడులిప్పుడు మీ ఫైలును చూడట్లేదు, మా ఇంటి సామాన్లను చూస్తున్నాయి. అవీ, సరిచేయాల్సిన అసలు షీటూ నా ఫోల్డరులోనే ఉన్నాయి. ఒకరి ఫోల్డరు ఇంకొకరు తెరవకూడదని మీరే కదా సార్ ఉత్తర్వు ఇచ్చారు! ఆ మిక్సీ మా మిక్సీయే. కుర్చీ, ఇస్త్రీపెట్టె కూడా మావే."

క్యాషియరు పడీ పడీ నవ్వాడు. గేటు దగ్గర పెద్ద అధికారి కారు హారను మోగింది.

"అయితే ఆ అనుమతేదో తొందరగా ఇచ్చి చావవయ్యా!" అన్నారు మేనేజరు.

"ఇస్తాను సార్. కానీ నా ఉద్యోగం పోతే నా ఫోల్డరు కూడా మూసేస్తారేమో కదా?" అని నిజంగా భయపడే అడిగాడు.

మేనేజరు పర్మనెంటు కాగితం లాక్కుని సంతకం పెట్టారు. దానికి మాత్రం ఎవరి అనుమతీ అక్కర్లేకపోయింది.