పాస్టరుగారి సిఫారసు

ఆ సోమవారం ఉదయం పాస్టరుగారు కాఫీ చల్లారుతున్నా పట్టించుకోకుండా ఉత్తరం రాయడానికి కూర్చున్నారు. విదేశాలకు సువార్తికులను పంపే మిషను సంస్థ ఒకటి, "మీ సంఘం నుంచి ఒక్కరినైనా ఇవ్వండి" అని మూడేళ్లుగా అడుగుతోంది. మంచివాళ్లనిస్తే సంఘం బోసిపోతుందని ఆయన మూడేళ్లుగా మిన్నకున్నారు. ఇప్పుడు ఉపాయం తట్టింది: మైకుగారిని ఇస్తే?

మైకుగారు రిటైరైన బస్సు కండక్టరు. మైకు అక్కర్లేని గొంతు కాబట్టి ఆ పేరు. ఆయన పాట ఎత్తుకుంటే పాటల బృందం శ్రుతి వెతుక్కునేది. ప్రార్థన మొదలుపెడితే పసిపిల్లలు ఓ కునుకు తీసి లేచేవారు.

పాస్టరుగారు రాసింది భార్యకు చదివి వినిపించారు. "వినవే. 'ఈయన గొంతు ఆఖరి వరుసదాకా వినిపిస్తుంది. ప్రార్థనలో అలుపెరగరు. ఎవరు ఆపినా వెనక్కి తగ్గరు.' ఇందులో అబద్ధముందా?"

"అబద్ధం లేదండీ. నిజమూ లేదు," అన్నారు పాస్టరమ్మగారు.

ఉత్తరం వెళ్లింది. గురువారం సంస్థ డైరెక్టరు ఫోను చేశారు. "ఇలాంటి మనిషి కోసమే చూస్తున్నాం. ఆదివారం నేనే వస్తున్నా!"

పాస్టరమ్మగారు ఆ మాట స్త్రీల కూడికలో ఒక్కరితోనే అన్నారు. సాయంత్రానికి అది 'మైకుగారు ఆదివారమే విమానమెక్కుతున్నారు' అయింది. శుక్రవారం దర్జీ కోటు కొలతలు తీసుకున్నాడు. ఎవరో చలిదేశమన్నారని ముగ్గురు మూడు స్వెట్టర్లు తెచ్చారు. శనివారం మైకుగారు అద్దె గది ఖాళీ చేసి, ట్రంకుపెట్టెతో పాస్టరుగారి గుమ్మంలో నిలబడ్డారు.

"అయ్యగారూ," అన్నారు, మొదటిసారి మెల్లగా. "నేనంటే మీకు చిరాకనుకున్నానండీ ఇన్నాళ్లూ. మా ఆవిడ పోయాక ఇంట్లో మాట్లాడే దిక్కులేక, ఇక్కడికొచ్చి కాస్త ఎక్కువే మాట్లాడతాను. నాకూ తెలుసు. అలాంటి నాలో మీరింత చూశారా?"

పాస్టరుగారు ట్రంకుపెట్టె అందుకుని లోపల పెట్టారు. ఆ పూట ఆయనకు అన్నం సయించలేదు.

ఆదివారం డైరెక్టరు రాగానే పాస్టరుగారు ఆయన్ని పక్కగదిలోకి లాక్కెళ్లి ఉన్నదంతా కక్కేశారు. డైరెక్టరు పడీ పడీ నవ్వారు.

"పాస్టరుగారూ, మాకొచ్చే సిఫారసుల్లో సగం వదిలించుకోడానికి రాసేవే. ఒప్పుకున్నవారు మాత్రం మీరొక్కరే!"

"అయితే ఆయన్ని తీసుకోరా?" పాస్టరుగారి గొంతులో ఇప్పుడు నిజమైన బాధ.

"ఎందుకు తీసుకోం? నిన్న ఆయనతో ఫోనులో గంటసేపు మాట్లాడాను. ముప్పయ్యేళ్లు ముక్కూమొహం తెలియని వాళ్లతో రోజూ పేచీలు పడి కూడా మనుషులంటే విసుగురాని మనిషాయన. కొత్తచోట నిలబడేది అలాంటివాళ్లే. కానీ పంపడం వరకే మా పని, తయారుచెయ్యాల్సింది సంఘమే. మీరూ మేమూ చెరో చెయ్యి వేస్తేనే బండి కదిలేది. రెండేళ్లు మీ దగ్గరే శిక్షణ."

"రెండేళ్లా! మరి ఉండటం? గది ఖాళీ చేసేశారే..."

"మీ మేడమీద గది ఉందట కదా. ఫోనులో అమ్మగారే చెప్పారు."

పాస్టరుగారు భార్య కోసం చూశారు. ఆవిడ అప్పటికే మేడ మెట్లమీద, చేతిలో చీపురుతో ఉన్నారు.

శిక్షణ మర్నాడు తెల్లవారుజామున నాలుగింటికి మొదలైంది. తలుపు తట్టి గురువును లేపింది శిష్యుడే.