పబ్లిక్‌లో పెట్టారు, ఇక భద్రం!

ఒక సంగతి ఎవరికీ తెలియకూడదంటే మీరేం చేస్తారు? బీరువాలో పెట్టి తాళం వేస్తారు. పాతకాలపు ఆలోచన! తాళం కనపడితే చాలు, లోపల ఏదో ఉందని దొంగకు తెలిసిపోతుంది. నా మాట వినండి. ఆ సంగతిని అందరికీ అందుబాటులో పెట్టండి. ఏడు తరాల దాకా ఎవడూ ముట్టుకోడు!

నేను నిజామాబాద్ గంజి మార్కెట్‌లో పసుపు అడ్తి నడుపుతాను. అంటే రైతు తెచ్చిన సరుకును కొనేవాడికి చూపించి మధ్యలో నిలబడేవాణ్ణి. మధ్యలో నిలబడ్డవాడికి రెండు వైపులా కనపడుతుంది. కాబట్టి నేను చెప్పేది వ్యాపారం మాట. కొంచెం ఆలోచించి తీసుకోండి.

మా నాయన నన్ను చిన్నప్పుడు ఎడ్ల అంగడికి తీసుకెళ్లేవాడు. అక్కడ బేరం నోటితో జరిగేది కాదు. కొనేవాడూ అమ్మేవాడూ తువ్వాల కింద చేతులు పెట్టి, వేళ్లు పట్టుకుని ధర చెప్పుకునేవారు. పక్కవాడికి తెలియకూడదని తువ్వాల! కానీ పొద్దుగూకకముందే ఏ జత ఎంతకు పోయిందో అంగడంతా తెలిసేది. మంచం పట్టిన ముసలివాళ్లు కూడా చెప్పేవారు.

ఇప్పుడు మా యార్డులో గోడంత స్క్రీన్ పెట్టారు. ధరలన్నీ ఎర్రటి అక్షరాల్లో పరుగెడుతుంటాయి. రైతు దాన్ని తలెత్తి పది నిమిషాలు చూస్తాడు. చూసి నా దగ్గరికొచ్చి చెవిలో అడుగుతాడు: "సేటు, ధర ఎంత నడుస్తుంది?"

చూశారా, మూత పెడితే పొక్కుతుంది. తెరిచి పెడితే దాగుతుంది! ఈ చిన్న సూత్రాన్ని మేం వ్యాపారులం ఇంకా వంటబట్టించుకోలేదు. పరిశోధనలకు నిధులిచ్చే పెద్ద సంస్థలు మాత్రం ఎప్పుడో పట్టేశాయి.

వాళ్ల నియమం బంగారం లాంటిది. జనం పైసలతో చేసిన పరిశోధన జనానిది. కాబట్టి దాని మీద రాసిన ప్రతి పేపరూ, సేకరించిన ప్రతి అంకె కూడా ప్రజలందరికీ ఉచితంగా అందుబాటులో ఉంచాలి. ఉంచకపోతే మరుసటి ఏడు నిధులు బంద్! ఇంత గొప్ప మాటను కాదనేవాడెవడు? నేనైతే రెండు చేతులూ ఎత్తి దండం పెడతాను. ఆ నియమం మా రాజలింగును ఎలా కాపాడిందో కళ్లారా చూశాను మరి.

రాజలింగుది బోధన్ నుంచి రుద్రూర్ పోయే దారిలో ఒక ఊరు. ఒకప్పుడు చెరకు వేసేవాడు. చెరకు మానేశాక రెండెకరాల్లో పసుపు పెడుతున్నాడు. పైన ఒక ఎకరం, కింద ఒక ఎకరం. ఇరవై ఏళ్లుగా సరుకు నా దగ్గరికే తెస్తాడు. మూడేళ్ల కిందట ఆ చేలో దుంపకుళ్లు మొదలైంది. ఆకు అంచున పసుపుపచ్చబడుతుంది, కాండం మెత్తబడుతుంది, తవ్వితే దుంప చేతిలో పిండిలా నలుగుతుంది. వాసన గురించి చెప్పను, మీరు అన్నం తిని ఉంటారు.

సరిగ్గా అప్పుడే జీపులో పరిశోధకులు దిగారు. ఏ సంస్థ అన్నది వదిలేయండి. అందులో నిఖిత అనే అమ్మాయి ఉంది, చదువుకున్న పిల్ల, మంచి పిల్ల. ఆ చుట్టుపక్కల నలభై చేలు ఎంచుకున్నారు. మూడేళ్లు మట్టి తీశారు, దుంపలు కోశారు, సీసాల్లో పోశారు. రాజలింగు పెళ్లాం నాగవ్వ వాళ్లకు వచ్చినప్పుడల్లా జొన్నరొట్టె పెట్టింది. రాజలింగుకు ఒకటే ఆశ. ఈ మట్టిలో పసుపు మళ్లీ పెట్టొచ్చా, పెట్టకూడదా? వాళ్లు చెబుతారు.

చెబుతామనే అన్నారు కూడా. మొన్న మార్చిలో నిఖిత ఫోన్ చేసింది.

"రాజలింగన్నా, మన పని అయిపోయింది. వచ్చే సోమవారం పది గంటలకు అంతా పబ్లిక్‌లో పెట్టేస్తున్నాం."

మా దిక్కు పబ్లిక్ అంటే ఏమిటో మీకు తెలుసా? జనం. గుంపు. 'జాతరకు మస్తు పబ్లిక్ వచ్చిండ్రు' అంటాం. పబ్లిక్‌లో పెట్టడమంటే పదిమందిలో నిలబడి చెప్పడం. రాజలింగుకు ఇంకో అర్థం తెలియదు. నాకూ అప్పటికి తెలియదు.

రాజలింగు గ్రామపంచాయతీ ముందు శామియానా వేయించాడు. మిగతా ముప్పైతొమ్మిది చేల రైతులకూ కబురు పంపాడు. కుర్చీలు తెప్పించాడు. నాగవ్వ గుండిగ నిండా చాయ్ కాచింది. మేడంకు కప్పడానికి శాలువా కూడా వచ్చింది. పది దాటింది, పదకొండు దాటింది. చాయ్ రెండుసార్లు వేడి చేశారు. పన్నెండుకు రాజలింగు ఫోన్ కొట్టాడు.

"మేడం, పబ్లిక్ వచ్చిండ్రు. మీరేడికొచ్చిండ్రు?"

"ఎక్కడికి అన్నా?"

"పబ్లిక్ల పెడ్తమంటిరి గదా!"

"పొద్దున పదింటికే పెట్టేశాం అన్నా!"

"ఏడ పెట్టిండ్రు? గీడ ఎవ్వలు రాకపాయె."

"ఆన్‌లైన్‌లో అన్నా. ప్రపంచంలో ఎవరైనా చూసుకోవచ్చు. మీకు లింక్ పంపిస్తాను."

రాజలింగు పబ్లిక్ వైపు తిరిగి చూశాడు. పబ్లిక్ చాయ్ తాగి, చేతులు దులుపుకుని, శాలువా ఎవరికి కప్పుతారని అడిగింది. నాగవ్వ ఆ శాలువాను మడతపెట్టి పెట్టెలో పెట్టింది.

లింక్ పట్టుకుని రాజలింగు బస్సెక్కి నా దుకాణానికి వచ్చాడు. నా దగ్గర కంప్యూటర్ ఉంది, ఇంగ్లీషు కూడా కొంచెం ఉంది. తెరిచాను. మొదటి పేజీలోనే తాళం బొమ్మ, ఆ తాళం తీసి ఉంది! నా గుండె ఉప్పొంగింది. ఇంత ధైర్యంగా తెరిచిపెట్టినవాళ్లను నేను గంజిలో ఎన్నడూ చూడలేదు.

లోపలికి పోవాలంటే ముందు పేరు నమోదు చేసుకోవాలి. మీరెవరని అడిగింది. విద్యార్థి, అధ్యాపకుడు, శాస్త్రవేత్త, పాత్రికేయుడు, పరిశ్రమ, ఇతరులు. రైతు అనే మాట పైనుంచి కిందిదాకా లేదు.

"ఇతరులంటే ఎవలు సేటు?"

"నువ్వే."

"చేను నాది, నేను ఇతరున్నా?"

"నొక్కనీయవయ్యా!"

తర్వాత మీరు మరమనిషి కాదని రుజువు చేయమంది. రాజలింగు పసుపు పట్టిన అరచేతిని స్క్రీన్‌కు అడ్డం పెట్టాడు. "గిది సూపెట్టు. మరమనిషికి గిట్లుంటదా?" అది ఒప్పుకోలేదు. బస్సులున్న గడులన్నీ నొక్కమంది. నేను నొక్కాను. ఒక బస్సు చక్రం పక్క గడిలోకి వచ్చిందట, అది మర్చిపోయాను. మళ్లీ మొదటినుంచి!

ఎంత మంచి జాగ్రత్త! ఎవడుపడితే వాడు వచ్చి జ్ఞానం ఎత్తుకుపోతే ఎట్లా?

చివరికి పేపర్ దొరికింది. నలభై రెండు పేజీలు, అంతా ఇంగ్లీషు. అందులోని ఇంగ్లీషుకూ నాకొచ్చిన ఇంగ్లీషుకూ చుట్టరికం లేదు. చివర్న ఒక వరుస కనపడింది: 'స్థానిక భాషలో సారాంశం, కోరినవారికి ఇవ్వబడును.' ఆ వరుస కూడా ఇంగ్లీషులోనే ఉంది.

ఆ పేజీ పక్కన ఎవరెవరు దించుకున్నారో లెక్క ఉంది. ముప్పై ఒక్క దేశాల్లో పదకొండు వందల మంది! ఒక్క బ్రెజిల్‌లోనే తొమ్మిది మంది రాజలింగు చేను చదివారు. ఆ సంగతి ఆయనకు చెప్పాను.

"గాళ్లకు సుత దుంపకుళ్లు ఉన్నదా, పాపం?"

ఇక అంకెల ఫైలు తెరిచాం. అసలు అమృతం అక్కడే ఉంది! నలభై చేలకు నలభై వరుసలు. ఒక్కో చేనుకు చివర్న తీర్పు రాసి ఉంది. కొన్నిటికి పర్వాలేదు. కొన్నిటికి విత్తనం మార్చాలి. ఆరు చేలకు మాత్రం మట్టిలోనే కుళ్లు ఉంది, మూడేళ్లు పసుపు పెట్టొద్దు, ఆ చేను విత్తనం ఇంకెక్కడా వాడొద్దు. ఇంత స్పష్టంగా రాశారు! ఇంకేం కావాలి?

"నాది యాడున్నది సేటు?"

పైనుంచి కిందికి వెతికాను. రాజలింగు పేరు లేదు. ఏ ఊరి పేరూ లేదు. ఒకటి, రెండు, మూడు అని నలభై దాకా అంకెలే ఉన్నాయి. కింద కారణం రాశారు: రైతుల వ్యక్తిగత గోప్యత కోసం పేర్లు తొలగించడమైనది.

చూడండి, ఎంత దయ! బ్రెజిల్ వాడికి రాజలింగు చేను మట్టిలో ఏముందో తెలియొచ్చు. అది రాజలింగు చేను అని మాత్రం తెలియకూడదు. ముఖ్యంగా రాజలింగుకు తెలియకూడదు! తన రహస్యం తన దగ్గర కూడా భద్రంగా ఉండాలి. సొంత తమ్ముడు కూడా ఇంత పట్టించుకోడు.

ఆయన వరుస ఏదో చెప్పమని సంస్థకు నేను ఆన్‌లైన్‌లో దరఖాస్తు పెట్టాను. ఎందుకు కావాలని అడిగే గడి ఒకటి ఉంది. ఏం రాయమంటావన్నాను. "గది నా చేను, గందుకే" అన్నాడు. అదే రాశాను. పన్నెండో రోజున జవాబు వచ్చింది. మీ ఆసక్తికి ధన్యవాదాలు. ఏ వరుస ఏ రైతుదో వెల్లడించలేము. రైతులతో చేసుకున్న అంగీకారాన్ని గౌరవించడం మా బాధ్యత. దాంతోపాటు ఆ అంగీకార పత్రం నకలు కూడా పంపారు. అడుగున రాజలింగు సంతకం. నా పేరు ఎవరికీ చెప్పొద్దని ఆయనే ఒప్పుకున్నాడు!

"మందికి జెప్పొద్దన్న. నాకు జెప్పొద్దంటినా?" అన్నాడు రాజలింగు.

ఈ లోపల మిరుగు దగ్గరపడింది. మృగశిర కార్తె ఏ కమిటీ జవాబు కోసమూ ఆగదు. మొదటి వాన పడింది. పక్క చేలవాళ్లు విత్తనం దించారు. నలభైలో ఆరు చేలే కదా, నాది అందులో ఉంటదా అనుకుని రాజలింగు ఇంట్లో దాచిన విత్తనంతో కింది ఎకరం పెట్టేశాడు. పైదానికి సాళ్లు తోలి పెట్టాడు. మిగిలిన విత్తనం బావమరిదికి ఇస్తానని మాటిచ్చాడు.

పై ఎకరం పెట్టాల్సిన పొద్దున నాగవ్వ నిఖితకు ఫోన్ చేసింది.

"బిడ్డా, నేను నాగవ్వను. కింది ఎకరం చెక్క పెట్టినం. ఇయ్యాల మీద చెక్క సుత పెడుతున్నం. పెట్టుమంటవా, వద్దంటవా? ఒక్క మాట జెప్పు."

అవతల తలుపు వేసిన చప్పుడు వినపడిందట. అప్పుడు నిఖిత గొంతు తగ్గించింది.

"అవ్వా, నేను చెప్పకూడదు. నా ఉద్యోగం పోతుంది. మీరు ఎవరికీ చెప్పకండి. మీది పదిహేడో నంబర్. పైన పెట్టకండి. ఆ విత్తనం ఎవరికీ ఇవ్వకండి."

నాగవ్వ ఎవరికీ చెప్పలేదు. తోడికోడలికి తప్ప. తోడికోడలు కూడా ఎవరికీ చెప్పలేదు, బీడీల ఖార్ఖానాలో పక్కన కూర్చున్నామెకు తప్ప. అప్పుడు తొమ్మిదిన్నర. పదకొండుకు సంగతి బోధన్ బస్టాండులో ఉంది. ఒంటిగంటకు మా గంజి హమాలీ లింబయ్య మూట దించి, అటూ ఇటూ చూసి, నా చెవిలో చెప్పాడు.

"సేటు, ఎవలకు జెప్పకు. రాజలింగుది పదిహేడట. కలెక్టర్ మేడమే ఫోన్ చేసి జెప్పిందట."

నా దాకా వచ్చేసరికి నిఖిత కలెక్టర్ అయిపోయింది కానీ, పదిహేడు మాత్రం పదిహేడుగానే వచ్చింది!

మరునాడు పొద్దుటి నుంచి నిఖిత ఫోన్ మోగుతూనే ఉంది. ముప్పైతొమ్మిది ఫోన్లు. ప్రతి ఒక్కరిదీ ఒకటే మొదలు: "మేడం, మాది ఏ నంబరో చెప్పుండ్రి, ఎవలకు చెప్పం!" సాయంత్రానికి నలభై చేల సంగతి నలభై ఇళ్లకూ తెలిసింది. ఎవరికీ లింక్ అక్కర్లేకపోయింది. ఎవరూ బస్సుల గడులు నొక్కలేదు.

రాజలింగు పై ఎకరంలో మక్కజొన్న వేశాడు. బావమరిదికి విత్తనం ఇవ్వలేదు. అతనికి ముందు కోపం వచ్చింది, తర్వాత సంగతి అతని చెవిన కూడా పడింది. కింది ఎకరం మాత్రం అప్పటికే పెట్టేశాడు కదా.

నిధులిచ్చే పెద్దలకు ఈ అడ్తివాడి మనవి ఒకటే. అయ్యా, జనం కోసం మీరు పడే తపన చూసి కళ్లు చెమరుస్తున్నాయి. కానీ దయచేసి ఈసారి మీ పరిశోధనను పబ్లిక్‌లో పెట్టకండి. రహస్యంగా ఉంచండి! మా ఎడ్ల అంగడి తువ్వాల ఒకటి పంపిస్తాను, దాని కింద పెట్టండి. బోధన్ బస్టాండులో ఎవరో ఒకరిని పక్కకు పిలిచి, ఎవరికీ చెప్పొద్దని గట్టిగా ఒట్టు వేయించుకుని, సంగతి చెప్పండి. మిగతాది మేం చూసుకుంటాం.

మొన్న భాద్రపదంలో రాజలింగు, నాగవ్వ గంజికి వచ్చారు. నాగవ్వ కొంగు ముడి విప్పి కింది ఎకరంలోని ఆకు ఒకటి నా గద్దె మీద పెట్టింది. అంచులు పసుపుపచ్చబడి ఉన్నాయి. మొదలు మెత్తగా ఉంది. వాసన వచ్చింది.

ఆమె స్క్రీన్ వైపు చూడలేదు, నా వైపే చూసింది.

"పబ్లిక్ల పెట్టుడెందుకు సేటు," అంది, "మాకు జెప్తే అయిపోతుండె గదా?"