నీళ్ళిచ్చిన ప్రభువుకు కొత్త తల

చక్రవర్తి ఎలా పాలించాడన్నది ఆయన పోయాకే తేల్చాలి. బతికుండగా తేల్చబోయినవాళ్ళు చాలామంది ఆయనకంటే ముందే పోయారు!

అందుకే మన రోము పద్ధతంటే నాకు ఇంత గౌరవం. ప్రభువు ఉన్నంతకాలం సెనేట్ ఏకగ్రీవంగా పొగుడుతుంది. ఆయన పోయాక తీరిగ్గా కూర్చుని, దేవుణ్ణి చెయ్యాలా, పేరు చెరిపెయ్యాలా అని ఓటేస్తుంది. ఏదో నెట్టుకొచ్చాడు పాపం, అన్న తీర్పే లేదు. అయితే గుడి, కాకపోతే సుత్తి! ఇంత స్పష్టత ఇంకెక్కడ దొరుకుతుంది?

నేను పిల్లలకు చరిత్ర చెప్పే పంతుల్ని. ఈమధ్య పోయిన ప్రభువు మొన్నమొన్నటిదాకా నా పాఠంలో కరుణామూర్తి. ఇప్పుడు రాక్షసుడు. నాకేం ఇబ్బంది? మైనపు పలకలు ఉన్నదే అందుకు. కాస్త రుద్దితే కరుణ చెరిగిపోతుంది.

మా వీధిలో ఇంతకంటే పొదుపైన ఏర్పాటుంది. నీళ్ళ తొట్టి పక్కన పాలరాతి ప్రభువు చెయ్యెత్తి నిలబడి ఉంటాడు. ఆయన మెడ దగ్గర గుంట. తల విడిగా చెక్కి అందులో దింపుతారు. ప్రభువు మారితే తల ఒక్కటీ మారుస్తారు. ఒళ్ళు అదే, కండలు అవే. పీఠం మీద పాత పేరు గీకేసి కొత్తది చెక్కుతారు. దాని కిందున్న "ఈ వీధికి నీళ్ళిచ్చినవాడు" అన్న మాటను మాత్రం ఎవరూ ముట్టుకోరు. ఆ లెక్కన ఇప్పటికి ముగ్గురు ప్రభువులు మాకు నీళ్ళిచ్చారు.

నీళ్ళు రావనుకోండి. అది వేరే సంగతి.

నన్నడిగితే రాకపోవడమే వరం! తొట్టి దగ్గర పాచి లేదు, జారిపడేవాళ్ళు లేరు. ముందు నా కుండంటే నా కుండని జుట్లు పట్టుకోవడాలు లేవు. పై అంతస్తుల్లో ఉండేవాళ్ళకు పక్క కొండ నుంచి నీళ్ళు మొయ్యడమే కసరత్తు, అందుకోసం స్నానశాలకు పోనక్కర్లేదు. మొహం కడుక్కురమ్మంటే నా శిష్యులు పక్క కొండ దాకా వెళ్తారు, పాఠం అయిపోయాక వస్తారు. వాళ్ళూ సుఖం, నేనూ సుఖం.

ఇంతకీ తొట్టికి రావాల్సిన నీళ్ళ గొట్టం ఎటు పోయిందంటారా? వీధికి ఎగువనున్న సెనేటర్ వోకోనియస్ గారి చేపల కొలనులోకి. ప్రభువుల పాలనను తూచి ఓటేసేది ఆయనే కదా! తూచేవాడి మనసు చల్లగా ఉండొద్దూ?

ఈ సంగతి హెల్వియాకు ఎంత చెప్పినా ఎక్కదు. తొట్టి పక్కనే ఆమె పూటకూటి కొట్టు. శనగల జావ, వేడి ద్రాక్షసారా అమ్ముతుంది. నా భోజనం అక్కడే. నీళ్ళన్నీ పక్క కొండ మీంచి భుజాన మోసుకొస్తుంది.

"ఈ ఎండలు పోయేలోపు తొట్టిలో నీళ్ళు పడకపోతే కొట్టు మూసేస్తా పంతులూ. నా భుజం నా మాట వినట్లేదు," అంది ఒకరోజు. సామ్రాజ్యం ఇంత పెద్దది, ఆమెకు భుజం తప్ప ఏమీ కనపడదు!

ఆమధ్య కొత్త తల వచ్చింది. బాకాలు ఊదారు. పాత ప్రభువుని పొగిడిన మాటలతోనే వోకోనియస్ గారు కొత్తాయన్ని పొగిడారు. తాపీవాడు మెడ గుంటలో పెట్టడానికి సున్నం కలపబోయి, నీళ్ళ కోసం తొట్టిలోకి వంగి చూశాడు. తల పెట్టించడానికొచ్చిన అధికారి కూడా వంగి చూశాడు. సరిగ్గా అప్పుడే హెల్వియా కుండతో కొండ దిగి వస్తోంది.

"ఇటు తే అక్కా, ప్రభువు పని," అన్నాడు అధికారి.

హెల్వియా కుండ దించలేదు. "నన్నడుగుతావేంటయ్యా? ఆయన్నే అడుగు. నీళ్ళిచ్చినవాడని ఆయన పేరు నువ్వే చెక్కించావుగా!"

వీధంతా గొల్లుమంది. "సెనేటర్ గారి చేపల్ని అడగండ్రా, అవి ఇస్తాయి!" అని పై కిటికీలోంచి ఎవరో అరిచారు. వోకోనియస్ గారికి ఏదో అర్జంటు పని గుర్తొచ్చింది.

తలను పొడిగానే దింపేసి వెళ్ళిపోయారు. అప్పట్నుంచీ, కొత్త ప్రభువు విజయతోరణానికి రాళ్ళు మోసే బండి మా వీధిలో వెళ్ళినప్పుడల్లా ఆయన తల ముందుకీ వెనక్కీ ఊగుతుంది. మేం ఏమడిగినా ఔనంటాడు! ఇన్నాళ్ళకు ప్రజల మాట వినే ప్రభువు దొరికాడు.

హెల్వియా కూడా రోజూ పొద్దున్నే అడిగేది. "ఏం సామీ, ఇవాళైనా వస్తాయా?" బండి వెళ్ళేది, ఆయన తలూపేవాడు. "సర్లే, నీ మాట నమ్మా," అని కుండ రెండో భుజానికి మార్చుకుని కొండెక్కేది.

రెండో భుజం కూడా పోయింది. మొన్నటి నుంచి కొట్టు మూసి ఉంది.

చక్రవర్తి ఎలా పాలిస్తున్నాడన్నది బతికుండగా తేల్చకూడదని ముందే చెప్పాను కదా. అందుకే నేను తేల్చలేదు. ఖాళీ కడుపుతో వెళ్ళి ఆయన్నే అడిగాను. "ప్రభూ, తమరు బాగా పాలిస్తున్నారా?"

అప్పుడే రాళ్ళ బండి వెళ్తోంది. ఔనన్నాడు.